జారిన లైనింగ్

"ఆ నరం పనైపోయిందమ్మా. గడ్డతో పాటు దాన్ని కూడా తీసేస్తే మళ్ళీ పెరిగే బాధ ఉండదు" అన్నాడు డాక్టర్ హరినాథ్, సెల్లులో ఎవరికో జవాబు కొడుతూనే.

నూర్‌బీ కుర్చీ అంచున కూచుని ఉంది. వెనక్కి ఆనుకుంటే ఆయనకు కోపం వస్తుందేమోనని భయం. కూతురు షబానాని ఆయనే బయట ఉండమన్నాడు, ఇలాంటివి పిల్లల ముందు మాట్లాడకూడదట. పదిహేడేళ్ళ పిల్ల. ఎడమ కంటి వెనక, చూపును మెదడుకు మోసుకుపోయే నరాన్ని చుట్టుకుని గడ్డ పెరిగింది. గురువారం ఆపరేషన్. ఇవాళ సోమవారం.

"నరం తీసేస్తే కన్ను సార్?"

"కన్ను ఉంటుంది. బయటికి ఏ తేడా తెలియదు. చూపు ఎలాగూ లేదు కదా."

"చూపుండాది సార్."

ఆయన సెల్లు బోర్లించి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే బాగుండేది. జాలిగా చూశాడు.

"తల్లులకు అలాగే ఉంటుందమ్మా. ఫైల్లో పీఎల్ అని స్పష్టంగా రాశారు. స్కాను కూడా అదే చెబుతోంది. ఇటు చూడు."

బల్ల మీదికి రంగుల కాగితం ఒకటి జరిపాడు. దాని మీద మూడు బొమ్మలు, మూడూ పైనుంచి చూసిన తలలే. మొదటిది నలుపూ తెలుపూ. తల ఆకారం, గడ్డ, నరం ఎక్కడెక్కడున్నాయో అది చూపిస్తుందట. రెండోది ఇంకో రకం స్కాను. నరంలోని పోగుల వెంబడి నీళ్ళు ఏ దిక్కుకు కదులుతున్నాయో అది పట్టుకుంటుందట. మూడోదాంట్లో ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, పోగులను రంగు దారాల్లా గీశారు.

"కుడివైపు చూశావా, ఎంత గుబురుగా ఉన్నాయో. ఎడమవైపు ఒక్క పోగైనా ఉందా? ప్రాణం లేని నరం అది."

"పిల్లని పిలుస్తా సార్. ఒక్కసారి మీరే కన్ను చూడండి."

"చూసే రాశారు కదమ్మా. బయట అరవై మంది ఉన్నారు."

తర్వాతి పేరు పిలిచారు. ఆమె లేచి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, దండం కూడా పెట్టి బయటికొచ్చింది. ఎందుకు దండం పెట్టానా అని మెట్లు దిగుతూ తన చేతుల మీదే కోపం తెచ్చుకుంది. గట్టిగా అడిగితే డాక్టరు కోపం మనసులో పెట్టుకుని పిల్ల తల మీద చూపిస్తాడేమో. అడక్కపోతే కన్ను పోతుంది.

"ఏమన్నాడుమ్మా?" అంది షబానా.

"గడ్డ తీసేస్తారంట. అంతే."

*

ముత్తుకూరులో బస్సు దిగి ఇల్లు చేరేసరికి నాలుగైంది. ముందుగదే కుట్టు అంగడి. మిషను మీద కప్పిన దుప్పటి తీసి, వాకిట్లోకి పోయి దులిపి, మళ్ళీ తడిబట్టతో బల్లంతా తుడిచింది నూర్‌బీ. కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీలు తిరిగే రోడ్డు అది. తుడవకుండా తెల్లగుడ్డ పరిస్తే ఇక అది తెల్లగుడ్డ కాదు. మొగుడు మౌలా కూడా ఆ లారీల్లోనే ఒకటి తోలుతాడు. ఫోన్ చేసి చెబితే, "పెద్ద చదువులు చదివినోళ్ళు, నీకూ నాకూ తెలుస్తాదా? ఆయన చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. వెనక హారన్లు. ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఇటు రామే" అని షబానాని స్టూలు మీద కూచోబెట్టింది. లైనింగ్ ముక్క ఒకటి తీసి కుడి కంటికి అడ్డంగా కట్టింది.

"ఏందిమ్మా, ఈ వయసులో నాతో దాగుడుమూతలా?"

"నోరు మూసుకో. ఈ టేపు మీద అంకెలు చెప్పు."

టేపును మూరెడు దూరంలో పట్టుకుంది.

"నువ్వు ఊపితే నేనేం చెప్పేది? నిలకడగా పట్టుకో. పద్నాలుగు. పదహైదు. దాని పక్కన నూనె మరక. పదహారు."

"నిజంగా కనపడతందా, ఊరికే అంటన్నావా?"

"నీళ్ళలోంచి చూసినట్టుండాది. కుడిదాని మాదిరి కాదు. కానీ కనపడతంది. ఎందుకమ్మా ఇదంతా?"

నూర్‌బీ గుడ్డ విప్పింది. పిల్ల లోపలికి పోయాక స్టూలు మీద తనే కూలబడింది. కనపడుతోంది. పదహైదుకూ పదహారుకూ మధ్య నూనె మరక కూడా కనపడుతోంది. పీఎల్ అట. ఎవరో రెండక్షరాలు గీకిపడేస్తే దాన్ని పట్టుకుని ప్రాణమున్న నరం కోస్తాడట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పిల్లయితే ఒకసారి కన్ను తెరిచి చూడకుండా కత్తి పట్టేవాళ్ళా? అరవై మంది ఉన్నారట. పండగ ముందు తనకు అరవై జాకెట్లుంటాయి. కొలతలు చూడకుండా ఏ ఒక్కదాన్నైనా కోసిందా?

కాగితం తీసి కత్తిరింపు బల్ల మీద పరిచి నాలుగు మూలలా కత్తెరలూ దారపు కండెలూ పెట్టింది. చదివేందుకు కాదు, అందులో ఉన్నది ఇంగ్లీషు. ఆమె చదువు ఏడో తరగతి. ఊరికే చూస్తూ ఉంది. చూడగా చూడగా మూడో బొమ్మలో ఏదో తేడాగా అనిపించింది. జాకెట్టు అంచు కింద నుంచి లైనింగ్ తొంగి చూస్తే తెలియని ఆడమనిషికి తెలియకపోవచ్చు, కుట్టేదానికి మాత్రం వీధి చివర నుంచే తెలుస్తుంది. ఇక్కడా అలాగే ఉంది. కనుగుడ్డు చుట్టూ రెండు అంచులు. ఒకటి నల్లది, ఒకటి రంగుది, పక్కపక్కన.

నమూనాలు గీసుకునే, కింది గీతలు కనపడే పల్చటి వెన్నకాగితం ఒకటి తెచ్చి మొదటి బొమ్మ మీద పరిచి, తల చుట్టూ, కళ్ళ చుట్టూ సన్నగా పెన్సిలుతో గీసింది. దాన్ని ఎత్తి రెండో బొమ్మ మీద పెట్టింది. తల వెనక భాగం అతికినట్టు సరిపోయింది. చెవుల దగ్గరా పరవాలేదు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి గీత పక్కకు పోయింది. కళ్ళ దగ్గర బియ్యపు గింజ మందాన తేడా. వెన్నకాగితం ముందుకు జరిపి కళ్ళు కలిపింది. అప్పుడు వెనక విడిపోయింది.

కొత్తగా పని నేర్చుకునే పిల్లల దగ్గర ఆమెకు ఇది రోజూ కనపడేదే. వెనక గుండుసూదులు గుచ్చి, సరిపోయిందిలే అని ముందువైపు చూడకుండా కుట్టేస్తారు. లోపలి గుడ్డ సాగే రకమైతే ముందుకు జారుతుంది. పైగుడ్డ మీద మడిచి కుట్టిన డాట్ ఒకచోట, లైనింగ్ డాట్ ఒకచోట. విప్పి మళ్ళీ కుట్టమని చెప్పి, మళ్ళీ అలాగే చేస్తే మొట్టికాయ వేస్తుంది.

ఆ మొట్టికాయ ఎవరికి వెయ్యాలో తెలియక వెన్నకాగితాన్ని మడత పడకుండా చుట్ట చుట్టి రబ్బరు వేసింది.

*

మంగళవారం రక్తపరీక్షకు ఎలాగూ రమ్మన్నారు. అది అయ్యాక షబానా చెయ్యి పట్టుకుని స్కాన్ల గది వెతుక్కుంటూ కిందికి దిగింది నూర్‌బీ. చెప్పులు బయట విడిచి తలుపు తోసింది. లోపల చలి. కంప్యూటర్ల ముందు ముప్పై ఏళ్ళ మనిషి ఒక్కడే కూచుని సద్దిపెట్టె విప్పుకుంటున్నాడు. చొక్కా మీద లాజరస్ అని పేరుంది.

"ఇక్కడికి రాకూడదక్కా. రిపోర్టులు పైన ఇస్తారు."

"రిపోర్టు ఇచ్చినారు తమ్ముడూ. అది తప్పు. చెప్పిపోదామని వచ్చినా."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "ఎవరు చెప్పారు తప్పని?"

"వెనక కలిపినారు, ముందు వదిలేసినారు. లైనింగ్ జారింది."

"ఇది జాకెట్టు కాదక్కా."

"జాకెట్టయితే విప్పి కుడతా. దీన్ని నమ్మి గడ్డతో పాటు కంటి నరం తీసేస్తే మళ్ళీ కుట్టేదానికి లేదు గదా" అని ఆమె అతని బల్ల మీదే, సద్దిపెట్టె పక్కకు జరిపి, కాగితం పరిచి, దాని మీద వెన్నకాగితం పెట్టింది. చూపుడువేలితో తల వెనక నొక్కిపట్టింది. "ఇక్కడ సూది పెట్టినా. ఇప్పుడు కళ్ళు చూడు."

అతను చూశాడు. నవ్వు మొహం మీద ఉండగానే ఆగిపోయింది. చెయ్యి తుడుచుకుని కంప్యూటరు వైపు తిరిగి షబానా పేరు అడిగాడు. తల బొమ్మ తెర మీదికి వచ్చింది. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. నలుపూ తెలుపూ కనుగుడ్డు పక్కనే రంగు కనుగుడ్డు, గ్రహణం విడుస్తున్నట్టు.

"ముక్కు పక్కన ఎముకల్లో గాలి గదులుంటాయక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "గాలి దగ్గర ఈ రెండో రకం స్కాను సాగిపోతుంది. మీ లైనింగ్ జారినట్టే. దాన్ని సరిచెయ్యాలంటే అదే స్కాను ఎదురు దిక్కు నుంచి ఇంకోసారి తియ్యాలి. ఒకటి ఇటు సాగుతుంది, ఇంకొకటి అటు సాగుతుంది, రెండూ చూసి మధ్యలో నిజం ఎక్కడుందో లెక్క కడుతుంది కంప్యూటరు."

"మరి తీసినారా?"

"ఆ రోజు ముప్పై ఒక్క కేసులు."

"ఎంతసేపు పడతాది?"

అతను తెర వైపే చూస్తూ అన్నాడు. "ఒక నిమిషం."

నూర్‌బీ తెర వైపు తిరిగింది. నిమిషం. తన పిల్ల కన్ను ఖరీదు నిమిషం. ఆ గదిలో ఉన్నవన్నీ ఎత్తి నేలకేసి కొట్టాలన్నంత కోపం కాళ్ళలోంచి పైకి లేచింది. "అంటే ఆ నరంలో పోగులు లేకపోవడం కాదు, మీరు నరం లేని చోట వెతికినారు."

"కుడి నరం లావుగా ఉంది, కాస్త జరిగినా అంచు దొరికింది. ఎడమది సన్నబడింది. పక్కనున్న కొవ్వులో వెతికినట్టయింది."

"ఒక్క పోగూ రాకపోతే నీకు అనుమానం రాలేదా? ఇంత పెద్ద మిషను ముందు కూచున్నావే, నీకు కళ్ళు లేవా?"

"వచ్చిందక్కా. దేవుడి తోడు, వచ్చింది." అతను కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "అందుకే ఫైలు తెరిచి చూశాను. కంటి విభాగం వాళ్ళు పీఎల్ అని రాశారు. అంటే వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియదని. మొహం ముందు వేళ్ళు పెట్టినా లెక్కపెట్టలేదని. చూపే లేని కంటికి పోగులు రాకపోవడం మామూలే కదా, సరిపోయిందిలే అనుకున్నాను."

"ఎవరు రాసినారు ఆ మాట? ఆ రాసిన చెయ్యి ఎవరిదో చెప్పు ముందు. టేపు మీద అంకెలు చదివిన పిల్ల ఇది. నిన్న సాయంత్రం నా కళ్ళ ముందర..."

"అమ్మా" అంది షబానా.

అప్పటిదాకా తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నువ్వే గదమ్మా చెప్పమన్నావు."

"ఏం చెప్పమన్నా?"

"మూడు వారాల కిందట. పైన, కళ్ళ పరీక్ష లైన్లో. ఆ అక్క వేళ్ళు చూపిస్తే ఏమీ కనపళ్ళా అని చెప్పు అన్నావు. నేను చెప్పినా. లైటు వేస్తే తెలుస్తాందా అంటే ఆ మాత్రం తెలుస్తాంది అన్నా."

లాజరస్ సద్దిపెట్టె మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

నూర్‌బీకి ఆ రోజు మొత్తం ఒక్కసారిగా కనపడింది. రెండు గంటల లైను. ముందున్న ముసలాయనకు చుక్కల మందు రాసి పంపేశారు. తమనూ అలాగే పంపేస్తారనిపించింది ఆమెకు. ఎందుకంటే ముత్తుకూరులో అయిదు నెలల పాటు జరిగింది అదే. మసగ్గా ఉంది సార్ అని ఉన్నది ఉన్నట్టు చెబితే, సెల్లు తగ్గించమని ఒకసారి, చుక్కల మందు అని ఒకసారి, కళ్ళద్దాలు అని ఒకసారి తిప్పి పంపారు. గడ్డ ఉందని కనిపెట్టేసరికి అది రేగిపండంత అయింది. అందుకే లైన్లో కూతురి చెవి దగ్గర నోరు పెట్టి అంది. కనపడతాదంటే చుక్కలేసి తోలేస్తారుమే, ఏమీ కనపళ్ళా అని చెప్పు. అది అబద్ధమని ఆమెకు అనిపించనే లేదు. జ్వరం నూటరెండుంటే నూటనాలుగు అంటుంది. రెండు విరేచనాలైతే ఆరంటుంది. అలా అంటేనే తల ఎత్తి చూస్తారు. చెప్పిన సంగతి ఇంటికి వచ్చేలోపే మరిచిపోతుంది.

"ఆ మాట నిన్న డాక్టరు దగ్గర ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు లాజరస్.

"నన్ను బయట నిలబెట్టినారు" అంది షబానా. తల్లి వైపు తిరిగింది. "నరం కూడా తీసేస్తారని నాకు చెప్పలేదేమ్మా? గడ్డ ఒకటే అన్నావే."

"భయపడతావని."

"నీ భయం చాలదా మనిద్దరికీ?"

నూర్‌బీ బల్ల మీది వెన్నకాగితాన్ని చుట్ట చుట్టుకుంది. చుడుతూనే లాజరస్ చెప్పింది వింది. స్కాను తప్పని తనలాంటి టెక్నీషియన్ చెబితే డాక్టరు వినడు, ఫైలు ఉంది కదా అంటాడు. ఫైల్లో మాట తప్పని చెప్పాల్సింది ఆమే. ఆయన ఇవాళంతా థియేటర్లో ఉంటాడు. రేపు ఓపీలో పట్టుకోవాలి. డాక్టరు ఒక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తను మళ్ళీ తీస్తాడట.

*

బుధవారం ఆమె టోకెను యాభై మూడు. ఇరవయ్యో నంబరు పిలవకముందే తలుపు తోసుకుని షబానాతో లోపలికి వెళ్ళింది. నర్సు వెనక నుంచి చీర కొంగు పట్టుకుంది. కొంగు ఆమె చేతిలోనే వదిలేసి, జాకెట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని బల్ల దాకా నడిచింది నూర్‌బీ. నర్సే భయపడి కొంగు వదిలింది.

"ఏంటమ్మా ఇది? లైన్లో రావాలి" అన్నాడు హరినాథ్.

"రేపు మీరు కొయ్యబోయేది చూపున్న కన్ను సార్. ఫైల్లో రాసింది అబద్ధం. చెప్పించింది నేను."

రాత్రంతా ఆ మాట కూడబలుక్కుంది. అనేసరికి ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. చుక్కల మందు సంగతీ, లైను సంగతీ, చెవిలో చెప్పిన సంగతీ వరసగా చెప్పింది. వెన్నకాగితం చూపించింది. కనుగుడ్డు దగ్గర రెండు అంచులు చూపించింది.

ఆయన మొహం ఎర్రబడింది. "నీకు బుద్ధుందా అమ్మా? నువ్వు చెప్పించిన అబద్ధం మీద నేను కత్తి పట్టాలా? రేపు ఆ పిల్ల కన్ను పోతే ఎవరిది బాధ్యత?"

"నాదే సార్. నేను అబద్ధం చెప్పినా. ఆ పాపం నాది, నేను మోస్తా." ఆమె బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. "మరి మీరు? మూడు వారాలుగా ఈ పిల్ల మీ గుమ్మంలోనే ఉండాది. మీరు ఫైలు చూసినారు, కాగితం చూసినారు, సెల్లు చూసినారు. పిల్ల కంట్లోకి ఒక్కసారి చూసినారా? మొన్న కాళ్ళు పట్టుకున్నట్టు అడిగినా గదా, మీరే చూడండి అని. అప్పుడు చూసుంటే నా అబద్ధం నిమిషం కూడా నిలిచేది కాదు."

బయట కూచున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. హరినాథ్ వాళ్ళ వైపు చూశాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. షబానాని కిటికీ దగ్గర నిలబెట్టి, కుడి కన్ను తన అరచేత్తో మూశాడు. ఇంకో చేతి వేళ్ళు ఎత్తాడు.

"ఎన్ని?"

షబానా కళ్ళు తిప్పి తల్లి వైపు చూడబోయింది. నూర్‌బీ గోడవైపు తిరిగి నిలబడింది. ఆ గోడ మీద ఏముందో ఆమెకు కనపడలేదు.

"మూడు."

"ఇప్పుడు?"

"రెండు. వాటిలో ఒకదానికి ఉంగరం ఉండాది."

ఆయన ఇంకా వెనక్కి జరిగాడు, బల్ల దాకా. "ఇప్పుడు?"

"అక్కడి నుంచి తెలీలా సార్. వేళ్ళున్నాయి, ఎన్నో తెలీలా."

ఆయన బల్ల వెనక్కి వెళ్ళాడు. కుర్చీలో కూచుని, ఫైలు తెరిచి, ఆ రెండు అక్షరాలూ కొట్టేసి పక్కన ఏదో రాశాడు. కలం కాగితాన్ని గీరుకుంది. స్కాన్ల గదికి ఫోన్ చేసి, "ఎదురు దిక్కుది కూడా తియ్యండి. నేనే వచ్చి పక్కన నిలబడతా" అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఎవరికీ కాకుండా, "రేపటి ఆపరేషన్ లేదు. చూపున్న నరాన్ని నేను కొయ్యను. దాన్ని తప్పించి ఎంత తియ్యగలమో, మందులతో ఎంత ఆపగలమో మళ్ళీ చూడాలి" అన్నాడు. తప్పయిందని అనలేదు. అంటాడని ఆమె ఎదురుచూడనూ లేదు, కానీ అనకపోవడం మాత్రం గుర్తుపెట్టుకుంది.

*

కింద స్కాను గది బయట బల్ల ముందు కొత్త నర్సు ఒకామె ఫారం తీసింది. పేరు రాసుకుంది. వయసు రాసుకుంది. ఒంటి మీద ఇనుము, నగలు ఏమీ లేవు కదా అని అడిగింది. షబానా చెవి పోగులు తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఎడమ కన్ను చూపు ఎలా ఉంది?" అంది నర్సు, తలెత్తకుండా. ఎత్తినప్పుడు నూర్‌బీ వైపే చూసింది. ఎప్పుడూ అలాగే చూస్తారు, జవాబు తల్లి దగ్గరే ఉంటుందన్నట్టు.

నూర్‌బీ గొంతులోకి మాట వచ్చేసింది. బాగా తగ్గిపోయిందమ్మా, రోజురోజుకీ చీకటైపోతంది అని. కనపడుతోందని చెబితే, అయితే తొందరేముంది అంటారేమో. మళ్ళీ చుక్కలంటారేమో. గడ్డ ఊరుకుంటుందా? చెవి పోగుల ముళ్ళు అరచేతిలో గుచ్చుకునేదాకా పిడికిలి బిగించింది.

నర్సు కలం పట్టుకుని చూస్తోంది. షబానా కూడా తల్లి వైపు చూస్తోంది.

"పిల్లనడగండి" అంది నూర్‌బీ.

షబానా కుడి కన్ను మూసుకుని ఎదురుగా ఉన్న తలుపును, దాని మీది ఎర్ర దీపాన్ని, నర్సును, ఆఖరుకు తల్లిని చూసింది.

"మసగ్గా ఉండాది. కానీ కనపడతంది" అంది. "ఎంత మసకంటే, మా అమ్మ ఏడస్తందో లేదో ఇక్కడి నుంచి తెలీలా."

"అదంతా రాయాలా?" అంది నర్సు.

"రాయి" అంది నూర్‌బీ. "అది ఎట్టా చెప్పిందో అట్టనే రాయి."